స్టేజీ మ్యూజికల్‌ని సినిమాగా తీయాలంటే ఏ పాట ఉంచాలి, ఏది తీసేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీ చేతిలో ఉన్నది ఏళ్ల తరబడి హౌస్‌ఫుల్‌గా ఆడిన మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం. నిడివి 2 గంటల 40 నిమిషాలు, 24 పాటలు, మధ్యలో ఒక ఇంటర్వెల్. నిర్మాతలు 2 గంటల 10 నిమిషాల సినిమా కావాలంటున్నారు. ఏ పాటలు తీసేయాలి, స్టేజీ మీద వేసినవాళ్లనే సినిమాకీ తీసుకోవాలా, పాటలు ముందే రికార్డు చేసుకోవాలా లేక సెట్లోనే పాడించాలా అన్నవి మీ ప్రశ్నలు. రెండో అంకంలో కొడుకు వెళ్లిపోయాక ఖాళీ ఇంట్లో తల్లి పాడే పాట ఉందనీ, ప్రేక్షకులకు అదంటే ప్రాణమనీ, కథ అక్కడ ఆగిపోతోంది కాబట్టి తీసేయమని ఒత్తిడి వస్తోందనీ కూడా రాశారు. ఆ పాట సంగతి చివర్లో చెప్తాను. మిగతావి తేలితే తప్ప అది తేలదు.

నేను మ్యూజిక్ ఎడిటర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. నేను చేసినవాటిలో మూడు సినిమాలు స్టేజీ నుంచి వచ్చాయి. రెండు బాగా కుదిరాయి, ఒకటి కుదరలేదు. కుదరనిదాని గురించి కూడా దాచకుండా రాస్తాను, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

పాటల లిస్టు ముందు పెట్టుకుని కొట్టివేతలు మొదలుపెట్టకండి. హాల్లో పక్క వరసలో కూర్చుని నాటకం ఇంకో నాలుగుసార్లు చూడండి. అందులో రెండుసార్లు స్టేజీని వదిలేసి జనాన్ని చూడండి. మొదటి సినిమాకి నేను ఇలాగే చేశాను. ఒక పాట చివరి స్వరం దగ్గర నటి చెయ్యి పైకెత్తి ఆగింది. చప్పట్లు మొదలయ్యాయి. పది పన్నెండు సెకన్లపాటు ఆమె చెయ్యి దించలేదు, ఊపిరి మాత్రం తీసుకుంది. చప్పట్లు సద్దుమణుగుతుండగా చెయ్యి దించి, చాలా నెమ్మదిగా తర్వాతి మాట అంది. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ మాట అంత బలంగా తగలడానికి కారణం ఆ పన్నెండు సెకన్లే. స్క్రిప్టులో అవి ఎక్కడా లేవు. తర్వాత అదే పాట షూట్ చేసి తెచ్చినప్పుడు ఎడిటింగ్ టేబుల్ మీద చివరి స్వరం తర్వాత ఒక గొయ్యి కనిపించింది నాకు. చప్పట్లు లేవు. చెయ్యి గాల్లో ఉంది. తర్వాతి మాట ఎంత ముందుకు జరిపినా పేలవంగానే ఉంది.

స్టేజీ పాటలు ప్రేక్షకుడు ఎదురుగా ఉన్నాడన్న నమ్మకంతో కట్టినవి. మీ 24 పాటల్లో దాదాపు ప్రతిదాని చివరా ఈ గొయ్యి ఉంటుంది. మేం ఆ సినిమాలో చాలాచోట్ల పాటను పూర్తిగా ముగియనివ్వలేదు. చివరి వరస ఇంకా నడుస్తుండగానే తర్వాతి సీన్ శబ్దాన్ని లోపలికి తెచ్చాం. ఒకచోట తలుపు తట్టిన చప్పుడు, ఒకచోట రైలు కూత. కొన్ని పాటలకు చివరి పెద్ద స్వరాన్నే తీసేశాం. సంగీత దర్శకుడు మొదట బాధపడ్డాడు, అది సహజం. తెర మీద వేసి చూపించాక ఒప్పుకున్నాడు.

ఇక ఏ పాట ఉండాలన్న విషయం. స్టేజీ మీద పాత్ర మనసు చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా తెలియాలి. మొహం వాడికి సరిగ్గా కనపడదు. అందుకే పాత్ర ముందుకొచ్చి పాడుతుంది. సినిమాలో ఆ పని క్లోజప్ మూడు సెకన్లలో చేసేస్తుంది. కాబట్టి ‘నాకు బాధగా ఉంది’, ‘నాకు అతనంటే ఇష్టం’ అని మాత్రమే చెప్పే పాట తెర మీద రెండోసారి చెప్పినట్టు అవుతుంది. పాట మధ్యలో పాత్ర ఒక నిర్ణయానికి వస్తే, తనకు తాను అబద్ధం చెప్పుకుంటే, లేదా అప్పటిదాకా తెలియనిది తెలుసుకుంటే ఆ పాట బతుకుతుంది. ఒక కాగితం మీద ప్రతి పాటకీ రెండు వాక్యాలు రాసుకోండి: పాటకు ముందు ఈ పాత్రకు ఏం కావాలి, పాట అయ్యాక ఏం కావాలి. రెండు వాక్యాలూ ఒకటే అయితే ఆ పాట పక్కన చుక్క పెట్టండి. వెంటనే కొట్టేయకండి. చోటు మారిస్తే అదే పాట పని చేయవచ్చు.

దీనికి నేను ఎప్పుడూ చూపించేది ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో 1959లో మొదలైంది, సినిమా 1965లో వచ్చింది. నాటకంలో మఠం నుంచి పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన మరియా వాళ్లని మొదటిసారి కలిసినప్పుడే ‘డో రే మి’ పాడేస్తుంది. సినిమాలో ఆ పాటను తర్వాతకు జరిపారు. తండ్రి ఊళ్లో లేనప్పుడు పిల్లలు కొండల మీద, ఊరి వీధుల్లో, రకరకాల చోట్ల పాడుతూ తిరుగుతారు. పాట పూర్తయ్యేసరికి రోజులు గడిచిపోయాయి, పిల్లలు మారిపోయారు. స్వరాలు నేర్పే పాట కాలం గడవడాన్ని కూడా చూపించింది. ‘మై ఫేవరిట్ థింగ్స్’ నాటకంలో మఠం పెద్దావిడతో కలిసి మరియా పాడే పాట. సినిమాలో ఉరుములకు భయపడి మంచమెక్కిన పిల్లలకు ధైర్యం చెప్పే పాట అయింది. పదాలు మారలేదు, ట్యూన్ మారలేదు. ఎవరికి పాడుతోంది, ఎందుకు పాడుతోంది అన్నవి మారాయి. ఈ రోజు ఎవరినైనా అడిగితే ఆ పాట ఉరుముల రాత్రి కోసమే రాశారనుకుంటారు.

అదే సినిమాలో మూడు పాటలు పూర్తిగా తీసేశారు. ‘యాన్ ఆర్డినరీ కపుల్’ అనే ప్రేమ యుగళగీతం స్థానంలో ‘సమ్‌థింగ్ గుడ్’ అనే కొత్త పాట పెట్టారు. గీత రచయిత హామర్‌స్టైన్ 1960లోనే పోయారు కాబట్టి స్వరకర్త రిచర్డ్ రాడ్జర్స్ ఆ పాటకు మాటలు కూడా తానే రాశారు. అంత పేరున్న మ్యూజికల్‌లోనే ఇంత మార్చగలిగినప్పుడు మీరు భయపడాల్సిన పని లేదు.

వరస మార్చడం గురించి కూడా ఒకటి చెప్పాలి. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ 1957 నాటి నాటకంలో మొదటి అంకం ఇద్దరి చావుతో ముగుస్తుంది. రెండో అంకంలో కుర్రాళ్లు పోలీసు మీద ‘గీ, ఆఫీసర్ క్రుప్కీ’ అనే నవ్వుల పాట పాడతారు. మధ్యలో ఇంటర్వెల్ ఉంది, కొంత సమయం గడిచింది, జనం లేచి తిరిగి వచ్చారు, కాబట్టి అది నడిచింది. 1961 సినిమాలో ఆ నవ్వుల పాటను చావులకు ముందుకు తెచ్చి, నాటకంలో ముందున్న ‘కూల్’ పాటను చావుల తర్వాతకు పంపారు. కోపాన్ని అణచుకోమని చెప్పే పాట అది. స్నేహితుడు చచ్చిపోయిన తర్వాత పాడేసరికి ఒళ్లు జలదరిస్తుంది. స్పీల్‌బర్గ్ 2021లో మళ్లీ తీసినప్పుడు కూడా నవ్వుల పాటను చావులకు ముందే ఉంచాడు.

‘లే మిజరాబ్ల్’ 2012 సినిమాలో ‘ఐ డ్రీమ్డ్ ఎ డ్రీమ్’ కూడా ఇలాంటిదే. స్టేజీ మీద ఫాంటీన్ ఫ్యాక్టరీ ఉద్యోగం పోగానే ఆ పాట పాడుతుంది. సినిమాలో ఆమె జుట్టు అమ్ముకుని, పళ్లు అమ్ముకుని, చివరికి ఒళ్లు అమ్ముకున్న తర్వాత పాడుతుంది. ఉద్యోగం పోయినప్పటి పాట ఒక దిగులు, ఇక్కడ అదే పాట ఒక మనిషి అంతమైపోవడం. మీ పాటల్లో ఏదైనా బలహీనంగా ఉందనిపిస్తే ఒక్క సంఘటన అవతలికి జరిపి చదివి చూడండి. నా అనుభవంలో మూడింట ఒకసారైనా అది పని చేసింది.

మీకు అరగంట తగ్గించాలి కదా. మొదట ఏవి తేలిగ్గా పోతాయో చెప్తాను. ఇంటర్వెల్ తర్వాత మొదటి పాట సాధారణంగా జనాన్ని మళ్లీ సీట్లలో కూర్చోబెట్టడానికి రాసింది, సినిమాలో దానికి పని లేదు. తెర ముందు ఇద్దరు నిలబడి పాడుతుండగా వెనక సెట్టు మార్చుకునే పాటలు ఒకటి రెండు ఉంటాయి. అవి కథ కోసం కాక సెట్టు కోసం రాసినవి, పోనివ్వండి. తర్వాత పాత పాట పల్లవి మళ్లీ వచ్చే చిన్న చిన్న బిట్లు. స్టేజీ మీద అవి గుర్తుచేయడానికి ఉంటాయి. సినిమాలో అదే ట్యూన్ నేపథ్య సంగీతంలో రెండు వయొలిన్ల మీద వినిపిస్తే చాలు, చూసేవాడికి గుర్తొస్తుంది. ‘స్వీనీ టాడ్’ నాటకంలో బృందం అంతా కలిసి కథ చెప్పే పాట మాటిమాటికీ వస్తుంది. 2007 సినిమాలో దాన్ని పాడించకుండా సంగీతంగా మాత్రమే వాడుకున్నారు. ఈ మూడు రకాలూ కలిపితేనే మీకు పదిహేను నిమిషాలు దొరకవచ్చు. మిగతా పదిహేను కోసం చరణాలు చూడండి. రెండో చరణం మొదటిదాన్నే ఇంకో పోలికతో చెప్తుంటే కత్తిరించండి.

అయితే ఆ 2 గంటల 10 నిమిషాలు రాతి మీద చెక్కిన లెక్క అనుకోకండి. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ 174 నిమిషాలు, పాత ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ 152, ‘లే మిజరాబ్ల్’ 158. ‘షికాగో’ 113 నిమిషాల్లో తేలిపోయింది. ‘వికెడ్’ని రెండు సినిమాలుగా చేసి, నాటకంలో ఇంటర్వెల్ ముందు వచ్చే ‘డిఫైయింగ్ గ్రావిటీ’ దగ్గర 2024లో మొదటి భాగం ముగించారు. కథ ఎంత అడిగితే అంత. రఫ్ కట్ (మొదటిసారి వరసగా కూర్చిన సినిమా) చూశాక నిర్మాతలతో మళ్లీ మాట్లాడండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ మనుషులు ఎందుకు పాడుతున్నారు? హాల్లో తెర లేచి ఆర్కెస్ట్రా మొదలవగానే జనం ఒప్పందానికి వచ్చేస్తారు. సినిమాలో నిజమైన వీధి, నిజమైన వాన, నిజమైన బస్సు చూపించి, అందులో ఒక మనిషి హఠాత్తుగా పాడితే ఆ ఒప్పందం మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి. బాబ్ ఫాసీ 1972లో ‘క్యాబరే’ తీసినప్పుడు పాటలన్నిటినీ క్లబ్బు స్టేజీ మీదకే పరిమితం చేశాడు, బయట తోటలో పాడే ఒక్క పాట తప్ప. గదుల్లో పాడుకునే పాటలు, అవి ఎంత మంచివైనా, తీసేశాడు. ‘షికాగో’కి 2002లో ఇంకో దారి వెతికారు: పాటలు నాయిక రాక్సీ ఊహలో జరుగుతాయి. ఆమె స్టార్ కావాలని కలలు కనే మనిషి కాబట్టి ఆమెకు జైలు కూడా స్టేజీలాగే కనిపిస్తుంది. ఈ రెండూ ఆస్కార్లు గెలిచాయని చాలామంది అవే దారులు పట్టుకుంటారు. కథలో క్లబ్బు లేకపోతే, కలలు కనే పాత్ర లేకపోతే ఆ దారులు అతికించినట్టుంటాయి.

మూడో దారి నిస్సంకోచంగా పాడించడం. నాకు ఇదే ఇష్టం. కాకపోతే సినిమా మొదటి ఐదు నిమిషాల్లోనే ఈ లోకంలో మనుషులు పాడతారని తెలిసిపోవాలి. పాత ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ మొదట్లో కుర్రాళ్లు వేళ్లతో చిటికెలు వేస్తారు, నడుస్తారు, ఆ నడకలో ఒక చిన్న గెంతు వస్తుంది, ఇంకొంచెం దూరం పోయాక అది డాన్స్ అయిపోయింది. ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేం. చూసేవాడిని చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపినట్టు దింపారు.

నా మూడో సినిమా దెబ్బతిన్నది ఇక్కడే. మ్యూజికల్ అంటే జనం రారేమోనన్న టెన్షన్‌తో మొదటి పాటను వెనక్కి జరిపారు. కట్‌లో మొదటి పాట పద్నాలుగో నిమిషంలో వచ్చింది. నేనూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పాల్సింది. ప్రివ్యూలో నాయకుడు వంటగదిలో గ్లాసు కింద పెట్టి పాట ఎత్తుకోగానే హాల్లో నవ్వులు. సరదా సీను కాదది, నాన్న చనిపోయిన సీను. పద్నాలుగు నిమిషాలు మామూలు సినిమా చూపించి, జనం దానికి అలవాటు పడ్డాక మాట తప్పాం మేం. తర్వాత ఓపెనింగ్‌లో కూనిరాగాలు పెట్టాం, వంటగది పాటను సగం చేశాం. నవ్వులు తగ్గాయి కానీ సీను చచ్చిపోయింది. ఆ నటుడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు తనదేనేమో అనుకున్నాడు. కాదు. ట్రైలర్లో కూడా పాటలు దాచకండి. పాటలంటే ఇష్టమున్నవాళ్లు రావాలి మీ సినిమాకి.

మీ నాటకంలో సంభాషణలు కూడా పాటలాగే నడిచే చోట్లు ఉన్నాయన్నారు. వాటిని మామూలు మాటలుగా మారుద్దామనుకుంటే మాటలన్నీ కొత్తగా రాయించండి. 2004 నాటి ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’ సినిమాలో పాడే వరసలు కొన్నిటిని అలాగే మాటలుగా చెప్పించారు, ప్రాసలు మిగిలిపోయాయి. ట్యూన్ ఉన్నప్పుడు ప్రాస అందం. ట్యూన్ తీసేస్తే చెవికి గుచ్చుకుంటుంది.

పాడించే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఇది నా పని కాబట్టి. ముందే రికార్డు చేసి సెట్లో ప్లేబ్యాక్ పెట్టి పెదవులు కదిలించడం మామూలు పద్ధతి. డాన్స్ పాటలకు, ఇరవైమంది కలిసి పాడేవాటికి అదే మంచిది. లయ ఒకటే ఉంటుంది, ఏ టేకు నుంచి ఏ టేకుకైనా కట్ చేయవచ్చు, అలుపు వినిపించదు. ఇబ్బంది ఒంటరి పాటలతో వస్తుంది. నేను చేసిన రెండో సినిమాలో ఒక నటి షూటింగుకి ఆరు వారాల ముందు స్టూడియోలో నిలబడి, నిండా ఊపిరి తీసుకుని అద్భుతంగా పాడింది. షూటింగు రోజు దర్శకుడు ఆమెను నేల మీద కూర్చోబెట్టి, బట్టలు మడతపెడుతూ పాడమన్నాడు. సీనుకు అది చాలా సరైన ఆలోచన. ఆమె ముందుకు వంగి, కన్నీళ్లతో, పెదవులు ఒక్క అక్షరం తప్పకుండా కదిలించింది. మానిటర్లో చూస్తుంటే ఏదో తేడా. పెదవులు కలిశాయి, మెడ కలవలేదు. అంత పెద్ద స్వరం పలుకుతున్నప్పుడు మెడ నరాలు, పక్కటెముకలు కదలాలి కదా. ముందుకు ముడుచుకున్న మనిషి ఛాతీలోంచి ఆ గొంతు రాదు. మర్నాడు పొద్దున ఒక ఖాళీ గదిలో ఆమెను అదే భంగిమలో నేల మీద కూర్చోబెట్టి, చేతికి అవే బట్టలిచ్చి, చెవిలో పియానో మాత్రం వినిపిస్తూ మళ్లీ రికార్డు చేశాం. రెండు చోట్ల గొంతు జీరపోయింది. అలాగే ఉంచాం. సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రెండు నిమిషాలు అవే.

సెట్లో నేరుగా పాడించడం కొత్తదేమీ కాదు. ప్లేబ్యాక్ రాకముందు తొలి టాకీల్లో నటులు కెమెరా ముందే పాడేవారు, వాద్యగాళ్లు ఫ్రేములో పడకుండా పక్కన కూర్చునేవారు. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, అదే ఏడు డెబ్బై దాకా పాటలతో వచ్చిన ‘ఇంద్రసభ’ రెండూ నాటకాల నుంచి వచ్చినవే. 1964లో ‘మై ఫెయిర్ లేడీ’కి నటుడు రెక్స్ హారిసన్ తన పాటలు మాట్లాడినట్టు, ప్రతిసారీ కొంచెం వేరుగా పాడతాడు కాబట్టి ప్లేబ్యాక్ కుదరదని పట్టుబట్టాడు. టైలో వైర్‌లెస్ మైకు దాచి రికార్డు చేశారు. ‘లే మిజరాబ్ల్’లో నటులకు చెవిలో ఇయర్‌పీస్ పెట్టి, సెట్ పక్కన ఒకరు కీబోర్డు వాయిస్తుంటే పాడించారు. నటుడు ఆగితే పియానో ఆగింది, తొందరపడితే తొందరపడింది. ఆర్కెస్ట్రాను తర్వాత రికార్డు చేసి కలిపారు.

దాని ఖర్చు కూడా తెలుసుకోండి. లయ నటుడి ఇష్టానికి వదిలేస్తే ఒక టేకు ఇంకో టేకుతో కలవదు, కాబట్టి రెండు మూడు కెమెరాలు ఒకేసారి నడవాలి. జనరేటర్ దూరంగా ఉండాలి, చెప్పుల కింద మెత్తటి పట్టీలు వేయాలి, గాలి మిషన్లు వాడలేరు. గొంతు ఎనిమిది తొమ్మిది టేకులకు మించి నిలవదు, అందుకని పెద్ద స్వరాలున్న షాట్లు పొద్దున ముందుగా తీసేయాలి. నా సలహా, మీ 24లో మిగిలేవాటిలో గుంపు పాటలు, డాన్స్ పాటలు ముందే రికార్డు చేయండి. మనిషి ఒంటరిగా పాడేవి సెట్లో పాడించండి. వాటికి కూడా ముందు రికార్డు చేసిన ట్రాకు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి, వాన పడినా గొంతు పోయినా అది ఆదుకుంటుంది.

నటుల విషయం. స్టేజీ నటులను తీసుకోవాలా అంటే ఒక్కొక్కరినీ కెమెరా ముందు పెట్టి చూడందే ఎవరూ చెప్పలేరు. ‘మై ఫెయిర్ లేడీ’లో రెక్స్ హారిసన్ నాటకంలోనూ సినిమాలోనూ వేశాడు, సరిపోయాడు. అదే నాటకంలో నాయికగా వేసిన జూలీ ఆండ్రూస్‌ని సినిమాకి తీసుకోలేదు. ఆడ్రీ హెప్‌బర్న్ వేసింది, పాటలు ఎక్కువగా మార్నీ నిక్సన్ పాడింది. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటాలీ వుడ్‌కి పాడిందీ ఆమే. ‘రెంట్’ని 2005లో చాలావరకు 1996 నాటి బృందంతోనే తీశారు, తొమ్మిదేళ్లు గడిచాయని క్లోజప్ చెప్పేసింది. 2021లో ‘డియర్ ఎవాన్ హాన్సెన్’కి వచ్చిన విమర్శల్లో ముఖ్యమైనది ఇదే: హాల్లో హైస్కూలు కుర్రాడిగా నమ్మించిన నటుడు తెర మీద నమ్మించలేకపోయాడు. మీ నటుల చేత ఒక పాట సగం గొంతుతో, మొహానికి రెండడుగుల దూరంలో కెమెరా పెట్టి పాడించండి. చివరి వరసకు వినిపించాలన్న అలవాటు ఎవరిలో కరుగుతుందో, ఎవరిలో కరగదో ఒక పూటలో తెలిసిపోతుంది. కరగనివాళ్లు తక్కువ నటులేం కాదు. వాళ్లు చేసే పని వేరు.

సెట్లు, లొకేషన్ల గురించి ఎక్కువ చెప్పను. ఒక్క హెచ్చరిక. స్టేజీ మీద ఒక కుర్చీ చూపించి సింహాసనం అంటే నమ్ముతాం. కెమెరా దాన్ని కుర్చీగానే చూపిస్తుంది. ‘క్యాట్స్’ నాటకం 1981 నుంచి మేకప్, బిగుతు దుస్తులతోనే మనుషులను పిల్లులని నమ్మించింది, మిగతాది జనం ఊహించుకున్నారు. 2019 సినిమాలో నటుల ఒంటి మీద కంప్యూటర్‌తో నిజమైన బొచ్చు మొలిపించారు. ఊహకు చోటు పోయింది, మనిషి కాని పిల్లి కాని ఏదో మిగిలింది. విడుదలయ్యాక గ్రాఫిక్స్ సరిచేసిన ప్రింట్లు హాళ్లకు మళ్లీ పంపాల్సి వచ్చింది. మీ నాటకంలో జనం ఊహించుకునేవి ఏమేం ఉన్నాయో రాసుకుని, వాటిలో ఏవి చూపించకుండా ఉండగలరో ఆలోచించండి.

హక్కులు దొరికాయన్నారు, ఏ హక్కులో చూసుకోండి. కథ, మాటలు, పాటల సాహిత్యం, సంగీతం వేరువేరు మనుషులవి కావచ్చు. నృత్యాలు ఇంకొకరివి. మూలం నవల అయితే అది మరొకరిది. పాటల వరస మార్చడానికి, చరణాలు కత్తిరించడానికి, కొత్త పాట చేర్చడానికి కాంట్రాక్టులో స్పష్టంగా అనుమతి ఉండాలి. కొత్త పాట ఒకటి రాయించమని మీకూ ఎవరో ఒకరు చెప్తారు, ఎందుకంటే సినిమా కోసమే రాసిన పాటకే ఆస్కార్ పోటీలో చోటుంటుంది. కథకు అవసరముంటేనే రాయించండి. అవసరం కోసం పుట్టిన పాట నిలబడుతుంది. ‘గ్రీజ్’ 1978 సినిమాకు చేర్చిన పాటలు, ‘క్యాబరే’ సినిమా పాటలు తర్వాత స్టేజీ ప్రదర్శనల్లోకి కూడా వెళ్లాయి.

ఏదీ మార్చొద్దు, ఉన్నది ఉన్నట్టు కావాలి అన్నది మీ అసలు కోరిక అయితే సినిమాగా రాయకండి, నాటకాన్నే షూట్ చేయండి. ‘హామిల్టన్’ని 2016 జూన్‌లో అసలు బృందంతో హాల్లోనే చిత్రీకరించి 2020లో విడుదల చేశారు. జనం ముందు ఆడిన ప్రదర్శనలతో పాటు జనం లేనప్పుడు దగ్గరి షాట్లు కూడా తీసుకున్నారు. అదీ గౌరవమైన దారే.

ఇక ఆ తల్లి పాట. కొడుకు వెళ్లిపోయాడు, ఇల్లు ఖాళీ, ఆమె పాడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి పాట మొదట్లో ఆమె ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉంది. కథ ఆగిపోతోందని నిర్మాతలు అంటున్నది అందుకే, వాళ్ల మాటలో నిజం ఉంది. కానీ తీసేయడానికి ముందు ఒకటి ప్రయత్నించండి. ఆమెకు చేతుల్లో పని ఇవ్వండి, చేస్తే వెనక్కి తీసుకోలేని పని. కొడుకు గది ఖాళీ చేస్తోందనుకోండి. పల్లవిలో చొక్కాలు తీసి మడతపెడుతుంది, మొదటి చరణంలో పెట్టె మూత వేస్తుంది. రెండో చరణం మొత్తం తీసేసి అక్కడ సంగీతం మాత్రం ఉంచండి, ఆమె మంచం మీద పక్క చుట్టేస్తుంది. చివరి పల్లవి వచ్చేసరికి గది ఇంకొకరికి ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. ఒక్క మాట మార్చకుండా, వాడు తిరిగి రాడని ఆమె ఒప్పుకోవడం ఆ పాటలోనే జరుగుతుంది. సెట్లో పాడించండి, వీలైతే ఒకే షాట్. పెద్ద కెమెరాలు అక్కర్లేకుండా ముందు ఫోన్‌తో, ఒక పియానోతో, రిహార్సల్ గదిలో తీసి ముందూ వెనకా సీన్లు చదివించి కలిపి చూడండి. చివరి స్వరం దగ్గర చప్పట్లకు బదులు ఆమె గది తలుపు దగ్గరికి లాగిన చప్పుడు పెట్టండి. ఆ తర్వాత కూడా కథ ఆగినట్టే అనిపిస్తే అప్పుడు తీసేసి, ఆ ట్యూన్‌ని కొడుకు రైలు దిగే సీనుకు దాచుకోండి.